బాంబు సంగతి ఎవరికి తెలుసు: థ్రిల్లర్ ఎత్తుగడలపై కొన్ని ఆధారాలు

ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్‌ను కొందరు మనస్తత్వ పరిశోధకులు రెండు గుంపులకు చూపించారు. ఒక గుంపు మొదటి నుంచీ చూసింది. అంటే టైమ్‌బాంబు ముల్లు తిప్పి, కారు డిక్కీలో పెట్టడం వాళ్లకు కనిపించింది. రెండో గుంపుకు ఆ ముక్క తీసేసి మిగతాది చూపించారు. పేలుడుకు కాస్త ముందు ఆపేసి, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారని ఇద్దరినీ అడిగారు. జవాబులు వేరువేరుగా వచ్చాయి. అది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది మరొకటి ఉంది. చూస్తున్నంతసేపూ కళ్లు తెర మీద ఎక్కడెక్కడ ఆగాయో ఐ ట్రాకర్‌తో నమోదు చేస్తే, బాంబు సంగతి తెలిసినవాళ్ల చూపూ తెలియనివాళ్ల చూపూ దాదాపు ఒకే దారిన నడిచాయి. డిక్కీలో చావు కూర్చుని ఉందని తెలిసినవాళ్లు కూడా ఆ కారునే అంటిపెట్టుకుని చూడలేదు.

జాన్ హట్సన్, టిమ్ స్మిత్, జోసెఫ్ మగ్లియానో, లెస్టర్ లాష్కీ చేసిన ఈ ప్రయోగం 2017లో అచ్చయింది. థ్రిల్లర్‌ను ఎలా మొదలుపెట్టాలన్న చర్చలో దీన్ని పక్కన పెట్టడం కష్టం. మన కథాచర్చల్లో ఓపెనింగ్ గురించి తరచూ వినిపించే సలహా ఒకటే: సీట్లో కూర్చున్నవాణ్ణి అయిదు నిమిషాల్లో కట్టిపడెయ్యాలి. హత్యతోనో, ఛేజ్‌తోనో, పెద్ద చప్పుడుతోనో. చూపును పట్టుకుంటే మనిషిని పట్టుకున్నట్టే అన్న నమ్మకం ఆ సలహా వెనక ఉంది. పై ప్రయోగం ఆ రెండింటినీ విడదీస్తోంది. చూపును నడిపించడం పనితనమున్న దర్శకుడు, కెమెరామన్, ఎడిటర్ కలిసి ఏ కథకైనా చెయ్యగల పని. ప్రేక్షకుడికి ఏం తెలిసింది, ఏం తెలియలేదు, తెలిసినదాంతో అతను ఎంతసేపు వేగాలి అన్నది వేరే పని. థ్రిల్లర్ ఎత్తుగడ నిలిచేది ఈ రెండో పని మీదేనని నా వాదన. ఆధారాలు గట్టిగా ఉన్నచోట గట్టిగానూ, పలచబడినచోట పలచగానూ ఈ మాట చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఒకే షాట్, రెండు రూపాలు

ముందు ఆ షాట్‌లో ఏముందో చూడాలి. తెర మీద చేతులు, చేతుల్లో బాంబు. టైమర్ తిరుగుతుంది. ఎక్కడో ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది. బాంబు పట్టుకున్నవాడు అటు చూసి గోడ వెంట పరిగెడతాడు. మనకు దక్కేది వాడి మొహం కాదు, గోడ మీద సాగిన నీడ. పైకప్పు లేని కారు డిక్కీ ఎత్తి, బాంబు పెట్టి, మాయమవుతాడు. ఆ వెంటనే డబ్బున్న పెద్దమనిషి ఒకాయన, ఒక డాన్సర్ వచ్చి కారెక్కుతారు. కెమెరా క్రేన్ మీద లేచి, ఇళ్ల కప్పుల మీదుగా వెళ్లి, వీధిలోకి దిగి కారును మళ్లీ అందుకుంటుంది. అది మెక్సికో సరిహద్దులో ఒక ఊరు. తోపుడుబండి అడ్డం, ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం, మేకల మంద అడ్డం. కారు ఆగినప్పుడు కొత్తగా పెళ్లయిన జంట (చార్ల్‌టన్ హెస్టన్, జానెట్ లీ) నడుచుకుంటూ దాన్ని దాటిపోతుంది. కాసేపటికి కారు వాళ్లను దాటుతుంది. చెక్‌పోస్టు దగ్గర రెండు జంటలూ ఒకచోటికి చేరతాయి. తలలో టిక్‌టిక్‌మని ఏదో చప్పుడని డాన్సర్ అంటుంది, ఎవరూ పట్టించుకోరు. కారు వెళ్లిపోతుంది. జంట ముద్దు పెట్టుకుంటుండగా పేలుడు వినిపిస్తుంది. అప్పుడు గానీ కట్ పడదు. మొత్తం మూడు నిమిషాల ఇరవై సెకన్ల చిల్లర.

ఈ షాట్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా మెచ్చుకునేది కట్ లేకపోవడాన్ని. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది, కారు ఎన్నిసార్లు ఫ్రేములోంచి తప్పుకుంటుందన్నది. అది కనబడనప్పుడు కూడా ఊళ్లోనే ఎక్కడో ఉందని మనకు తెలుసు. నడిచే జంటకు బాంబు దగ్గరవుతోందా దూరమవుతోందా అన్న లెక్క తెర వెయ్యదు, చూసేవాడే వేసుకోవాలి. మేకల మంద మామూలుగా అయితే ఊరి వాతావరణం కోసం పెట్టిన అలంకారం. బాంబు సంగతి తెలిసినవాడికి మాత్రం అది ఆలస్యం. ప్రతి అడ్డంకీ టైమర్‌లో కొంత సమయాన్ని మింగేస్తుంది.

ఇదే షాట్‌కు రెండు రూపాలుండటం మనకు కలిసొచ్చిన విషయం. 1958లో యూనివర్సల్ స్టూడియో దీని మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ బాణీని షాట్ పొడుగునా పరిచింది. తుది ఎడిటింగ్ అప్పటికే వెల్స్ చేతుల్లో లేదు. స్టూడియో కూర్చిన రూపం చూసి, 1957 డిసెంబరులో ఆయన 58 పేజీల లేఖ రాశాడు. 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ లేఖను ముందు పెట్టుకుని సినిమాను మళ్లీ కూర్చాడు. పేర్లు చివరికి పోయాయి. మాన్సినీ బాణీ పోయి, దారిలో వచ్చే క్లబ్బుల పాటలు, కారు రేడియో పాట ఒకదాని మీద ఒకటి వచ్చిపోవడం మొదలైంది. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. కారు ఫ్రేములో లేకపోయినా దాని రేడియో దగ్గరవడం వినిపిస్తుంది. అంటే బాంబు ఎంత దూరంలో ఉందన్న సమాచారం చెవి గుండా వస్తుంది. 1958 రూపంలో బాణీ మనల్ని ఉద్రేకపరుస్తుంది గానీ ఏమీ చెప్పదు. పైగా బాంబు సంగతి గుర్తుపెట్టుకోవాల్సిన బుర్రకు పేర్లు చదివే పని పెడుతుంది. రెండు రూపాల్లోనూ బొమ్మ ఒక్కటే. 1998 రూపం ఎందుకు మెరుగో ప్రయోగం చేసి తేల్చిన మాట కాదిది, చూసి, విని చెబుతున్న మాట. ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

ప్రయోగశాల సాక్ష్యం ఎంతవరకు

లాష్కీ బృందం 2015లో అచ్చేసిన అంతకుముందటి పరిశోధన కూడా ఒక సినిమా మొదటి ఘట్టం మీదే జరిగింది. అది 'మూన్‌రేకర్' (1979). విమానంలోంచి పడుతున్న జేమ్స్ బాండ్, వెంటాడుతున్న ఇనుప పళ్ల జాస్, పారాచూట్ తెరుచుకోక జాస్ కిందపడటం, కింద ఒక సర్కస్ డేరా. ముందు కథ చూసినవాళ్లు, చివరి ముక్క మాత్రమే చూసినవాళ్లు అని ఇక్కడా రెండు గుంపులు. జాస్ ఆ డేరా మీద పడతాడని ఊహించడంలో ముందు కథ తెలిసినవాళ్లు బాగా ముందున్నారు. కళ్ల కదలికల్లో తేడా మాత్రం స్వల్పం. ఇలా చూసేవాడి బుర్రలో ఏమున్నా కళ్లను సినిమాయే లాక్కుపోవడాన్ని ఆ పరిశోధకులు సినిమా నిరంకుశత్వం అన్నారు.

'టచ్ ఆఫ్ ఈవిల్' ప్రయోగంలో ఇంకో మెలిక ఉంది. ఒక గుంపుకు ముందే పని అప్పగించారు: ఇది చూశాక ఆ ఊరి పటం గియ్యాలి. అప్పుడు చూపు మారింది. మనుషుల్ని వదిలి గోడలు, వీధులు, మూలలు చూడటం మొదలైంది. కాబట్టి కళ్లు సినిమాకు పూర్తి బానిసలు కావు, తప్పించుకోగలవు. కానీ కథ తెలియడం అన్నది వాటిని తప్పించేంత బలమైన కారణంగా ఆ మూడు నిమిషాల్లో పనిచెయ్యలేదు.

మరి హిచ్‌కాక్ మాట ఏమైనట్టు? 1962లో ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన సంభాషణల్లో, బల్ల కింద బాంబు ఉదాహరణతో ఆయన చెప్పిన సూత్రం సినిమా పాఠాల్లో వేదవాక్యం అయిపోయింది. చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు, ముందే చూపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ అన్నది దాని సారం. ఐ ట్రాకర్ దీన్ని కొట్టిపారేసిందనుకుంటే తొందరపాటే. చూపు ఉన్నచోటే ధ్యాస మొత్తం ఉండాలని లేదు, ఒకే చోట చూస్తున్న ఇద్దరి లోపల జరిగేది ఒకటే కానక్కర్లేదు. ఈ తేడాను మ్యాథ్యూ బెజ్‌డెక్, ఎరిక్ షూమాకర్ తదితరులు 2015లో ప్రచురించిన పరిశోధన కొంతవరకు పట్టుకుంది. హిచ్‌కాక్ 'నార్త్ బై నార్త్‌వెస్ట్'తో సహా పది సినిమాల ముక్కల్ని ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకున్నవాళ్లకు చూపించారు. సినిమా చుట్టూ అంచుల్లో చదరంగం గళ్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. ఉత్కంఠ పెరిగిన క్షణాల్లో, చూపు అంచుల్ని అందుకునే మెదడు భాగంలో చురుకుదనం తగ్గింది. ఉత్కంఠ తగ్గితే చుట్టుపక్కలది తిరిగి లోపలికి రావడం మొదలైంది. థియేటర్లో పక్కవాడి ఫోన్ వెలుగు ఎప్పుడు చికాకు పెడుతుంది, ఎప్పుడు పెట్టదు అన్నదానికి ఇంతకన్నా మంచి వివరణ నేను చదవలేదు.

యూరీ హాసన్ బృందం 2008లో రాసిన వ్యాసాన్ని సినిమావాళ్లు కూడా తరచూ ఉదహరిస్తుంటారు. ఒకే సినిమా చూస్తున్న వేరువేరు మనుషుల మెదళ్లు ఎంతమేరకు ఒకేలా స్పందిస్తాయో అందులో కొలిచారు. హిచ్‌కాక్ టీవీ కథ 'బ్యాంగ్! యు ఆర్ డెడ్' (1961) చూసినప్పుడు మెదడు పై పొరలో 65 శాతం మేర పోలిక కనిపించింది. సెర్జియో లియోనె 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'కి 45 శాతం, ఒక అమెరికన్ కామెడీ సీరియల్‌కు 18 శాతం. పార్కులో కెమెరాను ఒకచోట నిలబెట్టి తీసిన, కథలేని దృశ్యానికి 5 శాతం లోపు. హిచ్‌కాక్ కథలో పిల్లవాడు బొమ్మ తుపాకీ అనుకుని నిజం తుపాకీ పట్టుకుని ఊళ్లో తిరుగుతుంటాడు. అది నిజమైనదని మనకు తెలుసు, వాడికి తెలియదు. ఇది నా వాదనకు అనుకూలంగా కనిపిస్తుంది గానీ, నేను దీని మీద ఎక్కువ బరువు వెయ్యను. ఆ 65 శాతం ఎత్తుగడ వల్లనా, కటింగ్ వల్లనా, దాచిన సమాచారం వల్లనా అని ఆ ప్రయోగం విడగొట్టలేదు. మెదళ్లు కలిసి నడవడం సినిమా గొప్పదనానికి కొలత కాదని ఆ పరిశోధకులే జాగ్రత్తగా చెప్పారు. పై ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో విదేశీ విశ్వవిద్యాలయాల పరిసరాల్లోని యువతే ఎక్కువ. చూపించినవి పాశ్చాత్య సినిమాలు, అందులోనూ ముక్కలు. గుంటూరు సింగిల్ స్క్రీన్‌లో శుక్రవారం ఉదయం ఆటకు వచ్చిన ప్రేక్షకుడి గురించి వీటినిబట్టి చెప్పగలిగింది కొంతే.

తెలియడంలో రకాలు

విలియం బ్రూయర్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టీన్ 1982లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇప్పటికీ పనికొస్తుంది. జరిగిన క్రమం ఒకటి, చెప్పే క్రమం ఒకటి. ఈ రెండింటి మధ్య తేడాను ఎలా పెడతామన్నదాన్నిబట్టి ఉత్కంఠ, కుతూహలం, ఆశ్చర్యం పుడతాయి. కారణం చూపించి ఫలితాన్ని ఆపితే ఉత్కంఠ. ఫలితం చూపించి కారణాన్ని దాస్తే కుతూహలం. ఏదో దాచామన్న అనుమానం కూడా రాకుండా దాచి, తర్వాత బయటపెడితే ఆశ్చర్యం. ఇవి కథలు చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి, అయినా తెర మీద ఇవి కలిసిపోయే తీరు ఆసక్తికరం.

'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963) చూడండి. టైటిల్స్‌కు ముందు ఘట్టం పెట్టే అలవాటు బాండ్ సినిమాల్లో మొదలైంది దీనితోనే. రాత్రి, తోట, బాండ్‌ను ఒకడు వెంటాడి, వాచీలోంచి తీగ లాగి గొంతు బిగించి చంపేస్తాడు. దీపాలు వెలుగుతాయి. శవం మొహం మీది తొడుగు లాగితే అతను బాండ్ కాదు, ఇది శిక్షణ. ఇంతవరకూ ఆశ్చర్యమే, అది అక్కడితో ఖర్చయిపోయింది. కానీ ఆ ఘట్టం ఇంకొకటి మిగిల్చింది: వాచీలో తీగ ఉన్న రెడ్ గ్రాంట్ మొహం మనకు తెలుసు, బాండ్‌కు తెలియదు. గంట తర్వాత రైల్లో గ్రాంట్ మర్యాదస్తుడిలా బాండ్ ఎదుట కూర్చున్నప్పుడు, మొదటి రెండు నిమిషాల్లో పెట్టిన పెట్టుబడి వడ్డీతో సహా తిరిగొస్తుంది. తొడుగు లాగడం ఒక్కటే ఉండి ఈ రెండోది లేకపోతే ఆ ఘట్టం గారడీగానే మిగిలేది.

సుజోయ్ ఘోష్ 'కహానీ' (2012) ముసుగు వేసుకున్న మనిషి ఎలుకల మీద విషవాయువును పరీక్షించడంతో మొదలవుతుంది, తర్వాత కోల్‌కతా మెట్రో పెట్టెలో జనం చనిపోతారు. అక్కడినుంచి రెండేళ్లు ముందుకు దూకి, భర్తను వెతుక్కుంటూ విమానం దిగిన నిండు గర్భిణితో కథ మళ్లీ మొదలవుతుంది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో సినిమా చెప్పదు. సంబంధం ఉండి తీరాలని మాత్రం మనకు తెలుసు, లేకపోతే మెట్రో ఎందుకు చూపించారు? పోలీసు స్టేషన్లో ఆమె నింపే మామూలు కాగితాలకు కూడా ఆ మెట్రో పెట్టె బరువు తగులుతుంది. ఇదే కథ శేఖర్ కమ్ముల చేతిలో 'అనామిక' (2014)గా హైదరాబాద్ పాతబస్తీకి వచ్చింది.

రవికాంత్ పేరేపు 'క్షణం' (2016) ఎత్తుగడ వేరే రకంగా తెలివైంది. కారులో బిడ్డ ఉండగా తల్లి మీద ముసుగు మనుషులు దాడి చేస్తారు, ఆమె స్పృహలోకి వచ్చేసరికి బిడ్డ లేదు. మామూలు కిడ్నాప్ కథలా మొదలైంది కాస్తా, అసలు ఆ తల్లికి బిడ్డ ఉందా అన్న ప్రశ్నకు మళ్లుతుంది. మొదట్లో మనం చూసినదాన్నే మనం అనుమానించాల్సి వస్తుంది. ఎత్తుగడలో ఇచ్చిన సమాచారం నిజమా, ఒక పాత్ర నమ్మకమా అన్న అనుమానాన్ని ఆయుధం చేసుకోవడం చిన్న బడ్జెట్ సినిమాకు పెద్ద లాభం. దానికి కావలసింది పేలుడు కాదు.

శ్రీరామ్ రాఘవన్ 'అంధాధున్' (2018) అయితే ఇంకా మొండిగా వ్యవహరిస్తుంది. క్యాబేజీ తోటలో కుందేలు వెంట తుపాకీతో పరిగెత్తే మనిషిని చూపించి, ఆ ముక్కను అక్కడే వదిలేసి, పియానో వాయించే యువకుడి దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ కుందేలుకు చోటు దొరికేది చివర్లోనే. మధ్యలో దాన్ని గుర్తుపెట్టుకునేది ఎవరు? చాలామంది మరిచిపోయే ఉంటారని నా అంచనా. కాబట్టి దీన్ని ఉత్కంఠ పుట్టించే ఎత్తుగడ అనలేం. చివరి మలుపు అన్యాయమని ప్రేక్షకుడు దెబ్బలాడకుండా ముందే రాసిచ్చిన రసీదు అనొచ్చు.

మెల్లగా మొదలైనవి

మొదటి నిమిషంలోనే దెబ్బ కొట్టాలన్న సలహాకు ఎదురు సాక్ష్యాల్లో పెద్దది 'సైకో' (1960). శుక్రవారం, డిసెంబరు 11, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెర మీద అక్షరాలు. కిటికీ రెక్క సందులోంచి చవక హోటల్ గదిలోకి కెమెరా దూరితే అక్కడ జానెట్ లీ, ఆమె ప్రియుడు, భోజన విరామం, అప్పుల మాటలు. తర్వాత ఆమె 40,000 డాలర్లు కాజేస్తుంది. ఆమె హత్య దాదాపు మూడు పావుగంటల తర్వాత గానీ రాదు. అంతవరకూ ప్రేక్షకుడు మోసేది డబ్బు ఏమవుతుందన్న ప్రశ్న, అది తప్పుడు ప్రశ్న. అయినా అది పని చేసింది. ఎందుకంటే ఆ గడియారం వేళ, ఆ శుక్రవారం ఊరికే పెట్టలేదు. బ్యాంకు సోమవారం దాకా తెరవదు, దొంగతనం అంతవరకూ బయటపడదు. వేళ చెప్పడం వల్ల ఆమెకు ఎంత గడువుందో మనకు తెలిసింది.

ఈ సినిమాకు ఆలస్యంగా వచ్చేవాళ్లను హాల్లోకి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టడం కూడా చరిత్రకెక్కింది. సగంలో వచ్చి కూర్చునే అలవాటున్న అమెరికన్ ప్రేక్షకులకు అది కొత్త. ఆలస్యంగా వచ్చినవాళ్లు కథానాయిక ఎక్కడ అని చివరిదాకా వెతుక్కుంటారన్నది ఆయన చెప్పిన కారణం, ప్రచారం కూడా కలిసి వచ్చింది.

తెలుగులో 'దృశ్యం' (2014) ఈ కోవలోదే. వెంకటేశ్ పోషించిన రాంబాబు కేబుల్ వ్యాపారం, సినిమాల పిచ్చి, పిసినారితనం, ఇంట్లో చిన్నచిన్న తగాదాలు ఇలా చాలాసేపు నడుస్తుంది. నేరం వచ్చేసరికి కొందరు విసుక్కుని ఉండొచ్చు కూడా. కానీ అతని సినిమాల పిచ్చిని అప్పుడు పాత్రకు రంగు అద్దడం అనుకున్నవాళ్లకు, ఆ పిచ్చే అతని ఆయుధమని తర్వాత అర్థమవుతుంది. ప్రేక్షకుడు సమాచారం తీసుకుంటున్నానని తెలియకుండానే తీసుకున్నాడు.

'జాస్' (1975)ను వేగవంతమైన ఎత్తుగడకు ఉదాహరణ అంటారు. ఒక రకంగా నిజమే, మొదట్లోనే ఒక అమ్మాయి చనిపోతుంది. అయితే సొరచేప కనబడదు. తీరాన మత్తులో నిద్రపోయిన కుర్రవాడు, నీళ్లలో అటూ ఇటూ లాగబడుతున్న అమ్మాయి, జాన్ విలియమ్స్ స్వరాలు, అంతే. యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించడం వల్ల దాన్ని దాచక తప్పలేదన్నది అందరికీ తెలిసిన కథే. సినిమా సగం దాటేదాకా అది సరిగా తెరకెక్కదు. చావును చూపించి చంపినదాన్ని దాచడం బ్రూయర్ చెప్పిన కుతూహలం. తర్వాత పిల్లలు నీళ్లలోకి దిగిన ప్రతిసారీ అదే ఉత్కంఠగా మారిపోతుంది.

టైటిల్స్, స్కిప్ బటన్

'సెవెన్' (1995) టైటిల్స్ కైల్ కూపర్ చేసినవి. బ్లేడుతో వేలి చర్మం గీకడం, పుస్తకాలు కుట్టడం, చిన్న అక్షరాలతో నిండిన పేజీలు, గీకినట్టున్న పేర్లు. హంతకుడు తెర మీదికి రావడానికి చాలా ముందే అతని ఓపిక ఎంతటిదో మనకు తెలిసిపోతుంది. డిటెక్టివ్‌లకు అప్పటికి ఏమీ తెలియదు. టైటిల్స్ కూడా కథలో భాగమేనని చూపడానికి ఇది చాలు.

ఓటీటీలో దీనికి ఎదురుదెబ్బ తగిలింది. నెట్‌ఫ్లిక్స్ 2022లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచవ్యాప్తంగా వాళ్ల 'స్కిప్ ఇంట్రో' బటన్‌ను రోజుకు 13 కోట్ల 60 లక్షల సార్లు నొక్కుతున్నారు. సిరీస్ టైటిల్స్ ప్రతి ఎపిసోడ్‌కూ వస్తాయి కాబట్టి సినిమా టైటిల్స్ మీద తీర్పుగా దీన్ని తీసుకోకూడదు. అయినా అక్కడ పెట్టిన సమాచారం అందరికీ చేరుతుందన్న భరోసా పోయింది.

ఇదే సంస్థ 2015లో విడుదల చేసిన ఇంకో లెక్క నాకు మరింత ఆసక్తికరంగా అనిపిస్తుంది. దాదాపు రెండు డజన్ల సిరీస్‌లు తీసుకుని, ఏ ఎపిసోడ్ చూసినవాళ్లలో 70 శాతం మంది మొదటి సీజన్ పూర్తి చేశారో చూశారు. 'బ్రేకింగ్ బ్యాడ్'కు అది రెండో ఎపిసోడ్, 'హౌస్ ఆఫ్ కార్డ్స్'కు మూడోది, 'మ్యాడ్ మెన్'కు ఆరోది. మొదటి ఎపిసోడ్‌తోనే ఆ గీత దాటినది ఒక్కటీ లేదు. 'బ్రేకింగ్ బ్యాడ్' మొదటి ఎపిసోడ్‌ది టీవీలో అందరూ చెప్పుకునే ఎత్తుగడ: ఎడారిలో దూసుకొచ్చే వ్యాను, గాలిలో ఎగిరే ప్యాంటు, గ్యాస్ మాస్కు పెట్టుకుని లోదుస్తుల్లో ఉన్న మనిషి. అంతటి ఆరంభానికి కూడా ఒక్క రాత్రిలో పని పూర్తి కాలేదు. ఇది సంస్థ ప్రచారానికి ఇచ్చిన లెక్క, తోటి పరిశోధకులు పరిశీలించిన పత్రం కాదు. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ భారత్‌కు రానేలేదు, వచ్చింది 2016 జనవరిలో. ఈ రెండు షరతులు పెట్టుకుని చూసినా, మొదటి అయిదు నిమిషాల మీద మనం మోపే భారం ఎక్కువేమోనన్న అనుమానం మిగులుతుంది.

మన హాల్లో సంగతి

ఇంతవరకూ చెప్పిన ఎత్తుగడలన్నీ చీకట్లో, నిశ్శబ్దంలో మొదలవుతాయనుకుని చెప్పినవి. మన దగ్గర అలా ఉండదు. పొగాకు వాడకం చూపే సినిమాకు మొదట్లో కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక తప్పనిసరి. 2012 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధనను 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీకి కూడా వర్తింపజేశారు. దాని ముందు సెన్సార్ సర్టిఫికెట్, వెనక కృతజ్ఞతల జాబితా, నిర్మాణ సంస్థల లోగోలు. అప్పటికి లోపలికి వస్తున్నవాళ్లు టార్చిలైటు పట్టుకున్నవాణ్ణి అడిగే మాట ఒకటే: టైటిల్స్ పడ్డాయా? పడలేదంటే తాపీగా సీటు వెతుక్కుంటారు. టైటిల్స్‌కు ముందే కథ మొదలుపెట్టే దర్శకుడు ఈ మనిషిని లెక్కలో వేసుకోవాలి. బాంబు పెట్టడం అతను చూడలేదు, ప్రయోగంలోని రెండో గుంపులో చేరిపోయాడు. ఆ సమాచారం కథకు ప్రాణమైతే టైటిల్స్ తర్వాత ఏదో రూపంలో, ఒక మాటగానో చప్పుడుగానో, ఇంకోసారి అందించడం లౌక్యం. వెల్స్ డాన్సర్ చేత టిక్‌టిక్ మాట అనిపించింది కూడా అలాంటి పనే చేస్తుంది.

స్టార్ సినిమా అయితే ఇంకో చిక్కు. హీరో పేరు తెర మీద పడగానే లేచే ఈలల్లో మొదటి డైలాగులు కొట్టుకుపోతాయి, హీరో ఎంట్రీ అయ్యేదాకా హాలు మొత్తం దానికోసమే చూస్తుంది. అంతకుముందు హత్య జరిగినా, అది హీరోను పిలవడానికి మోగించిన గంటలాగే అందుతుంది. తెలుగులో పేరు తెచ్చుకున్న థ్రిల్లర్లలో చాలావరకు పెద్ద ఇమేజ్ లేని నటులతో రావడానికి బడ్జెట్ ఒక్కటే కారణం కాదేమో. ఎత్తుగడను వినిపించుకునే హాలు వాటికి దొరికింది.

ఇక ఇంటర్వెల్. ప్రయోగశాలలో ముక్క చూపించి ప్రశ్నలడిగి పంపించేస్తారు. మన ప్రేక్షకుడు గంటన్నర చూశాక బయటికెళ్లి, సమోసా తిని, హంతకుడు ఎవరై ఉంటాడో స్నేహితులతో వాదించి తిరిగొస్తాడు. పొగాకు ప్రకటన నిబంధన సినిమా మధ్యలోనూ వర్తిస్తుంది కాబట్టి అది మళ్లీ వస్తుంది. ఆ తర్వాత పడే మొదటి షాట్ రెండో ఎత్తుగడ. ఇంటర్వెల్ బ్యాంగ్ మీద రాత్రులు కూర్చునే రచయితలు ఈ షాట్‌ను ఎడిటింగ్ దాకా వదిలేయడం, అక్కడ ఒక డ్రోన్ షాటో పాటో అతికించడం తరచూ కనిపిస్తుంది. ఈ ప్రేక్షకుడు మొదటి ఆరంభంలోని ప్రేక్షకుడు కాడు. అప్పటికి అతనికి చాలా తెలుసు, ఆ తెలిసినదాన్ని బయట పది నిమిషాలు తోటివాళ్లతో చర్చించి, తప్పో ఒప్పో ఒక జవాబు పట్టుకుని వచ్చాడు. అందుకే ఇక్కడ కొత్త సమాచారం కన్నా, అతను పట్టుకొచ్చిన ఆ జవాబును ఇరకాటంలో పెట్టే చిన్న సంగతి ఎక్కువ పని చెయ్యాలి. 'కహానీ' ఆడుతున్నప్పుడు విరామంలో కొందరిని ఆపి వాళ్ల అంచనాలు రాయించుకుని, తర్వాతి పది నిమిషాలకు అవి ఎంత మారాయో చూసి ఉంటే ఈ మాట నిలుస్తుందో లేదో తెలిసేది. ఇందులో ఐ ట్రాకర్ అవసరం కూడా లేదు, కాగితం, పెన్సిలు, ఒప్పుకునే థియేటర్ యజమాని ఉంటే చాలు.